మందు కంటే ముందు నీళ్ళు



అక్వేరియం షాపులో గల్లాపెట్టె పక్కన చిన్న గాజు సీసాల్లో, ప్లాస్టిక్ కప్పుల్లో ఒక్కొక్కటిగా పెట్టి అమ్మే చేపను మీరు చూసే ఉంటారు. ఒంటికంటే తోక పెద్దది. నీలం, ఎరుపు, తెలుపు, రకరకాల రంగులు. షాపులో దాన్ని ఫైటర్ అంటారు, పుస్తకాల్లో బెట్టా అని రాస్తారు. పిల్లలు పట్టుబట్టి కొనిపిస్తారు, ముద్దుపేరు కూడా పెడతారు. కొన్ని వారాలు గడిచాక ఒక రోజు పొద్దున్నే అది తిండి ముట్టదు, రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంటుంది. ఇక ఇంట్లో కంగారు. షాపతను నీలం మందు ఇస్తాడు. పక్కింటివాళ్ళు ఉప్పు వెయ్యమంటారు. ఫోన్లో ఎవరో ఒక యాంటీబయాటిక్ పేరు చెబుతారు. సాయంత్రానికల్లా ఆ రెండు లీటర్ల నీళ్ళలో మూడు మందులు పడతాయి. మర్నాడు చేప చనిపోతే, పాపం జబ్బు ముదిరిపోయింది అనుకుంటాం. చాలాసార్లు దాన్ని మంచాన పడేసింది జబ్బు కాదు, నీళ్ళు. మిగిలిన కాస్త ప్రాణం తీసింది మందులు.

చేప డీలా పడిందని గమనించిన క్షణానికీ, మందు సీసా మూత తీసే క్షణానికీ మధ్య మనం చెయ్యాల్సిన పని ఒకటుంది. ఈ రోజు ఎక్కువగా దాని గురించే మాట్లాడతాను.

ఈ చేప సొంత దేశం థాయిలాండ్. అక్కడి చావో ఫ్రయా నది పరీవాహకంలో వరిమళ్ళూ, చిత్తడి నేలలూ, నెమ్మదిగా పారే కాలువలూ దీని ఇల్లు. బెట్టా స్ప్లెండెన్స్ అనే శాస్త్రీయ నామాన్ని 1910లో బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ టేట్ రీగన్ పెట్టాడు. 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. మన వైపు చెన్నైలోని కొళత్తూరు లాంటి చోట్ల వీటిని పెంచి షాపులకు పంపుతారు.

వరిమళ్ళ సంగతి ఎందుకు ఎత్తానంటే, మనం చెయ్యాల్సిన వైద్యానికి ఆనవాళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. వరిమడిలో నీళ్ళ లోతు తక్కువే గానీ, విస్తీర్ణం ఎక్కువ. ఆ నీళ్ళు ఏడాది పొడుగునా వెచ్చగా ఉంటాయి. ఆకూ గడ్డీ నాని కాస్త రంగు తిరిగి ఉంటాయి. పైగా ఈ చేపకు మొప్పలతో పాటు తల పైభాగంలో గాలి పీల్చుకునే అవయవం ఒకటి ఉంది. చెరువులో కొరమీను పైకొచ్చి గాలి మింగి లోపలికి పోవడం చూసినవాళ్ళకు ఇది వింత కాదు, రెండూ దూరపు చుట్టాలే. ఆ అవయవం పుణ్యమా అనే ఫైటర్ షాపు కప్పులో కూడా ప్రాణాలతో ఉంటుంది. కానీ ప్రాణాలతో ఉండటం ఒకటి, ఆరోగ్యంగా ఉండటం మరొకటి. ప్రాణవాయువు తగ్గితే అది పైకొచ్చి పీల్చుకోగలదు. తన విసర్జన నుంచి పుట్టే అమ్మోనియా నుంచి మాత్రం ఎటూ పోలేదు.

సరే, చేప డీలాగా ఉంది. కుర్చీ వేసుకుని తొట్టి ముందు ఒక 10 నిమిషాలు కూర్చోండి. గాజు మీద తట్టకండి. మొట్టమొదట ఊపిరి చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఫైటర్ అప్పుడప్పుడూ పైకొచ్చి ఒక గుక్క గాలి తీసుకుని కిందికి వెళ్ళిపోతుంది. ఇది సహజం. అలా వెళ్ళకుండా నీటి పైపొరకే అతుక్కుపోయి, మొప్పల మూతలు గబగబా కొట్టుకుంటుంటే అది ఆయాసం. మొప్పలు ఎర్రగా మంటపుట్టినట్టు కనబడితే అమ్మోనియాను అనుమానించండి. తర్వాత రెక్కలు చూడండి, విచ్చుకున్నాయా, ఒంటికి అతుక్కున్నాయా? తొట్టిలో ఉన్న రాయికో మొక్కకో ఒళ్ళు రుద్దుకుంటోందా? విసర్జన ఏ రంగులో ఉంది? రోజుల తరబడి తెల్లగా దారంలా వేలాడుతుంటే తిండి అందడం లేదనో, పేగుల్లో పరాన్నజీవులు ఉన్నాయనో అర్థం. ఆ పైన లేచి నిలబడి, పైనుంచి చూడండి. ఇది చాలామంది చెయ్యరు. పొట్ట ఉబ్బుగానీ, పొలుసులు లేచి నిలబడటంగానీ పక్కనుంచి కంటే పైనుంచి చూస్తేనే త్వరగా తెలుస్తుంది. చివరికి గదిలో దీపాలార్పి, టార్చిలైటు ఏటవాలుగా చేప మీదికి వెయ్యండి. ఒంటి మీద బంగారు రంగు పొడి చల్లినట్టు కనబడితే దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

చేపను చూశాం, ఇక నీళ్ళు. చేప విసర్జన నుంచీ, తినకుండా వదిలేసిన మేత గింజల నుంచీ అమ్మోనియా పుడుతుంది. తొట్టిలో ఫిల్టరు స్పాంజికీ, గులకరాళ్ళకూ అంటిపెట్టుకుని ఉండే మంచి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. మరో రకం బాక్టీరియా ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, కొలిస్తే సున్నా రావాలి. మూడోది కొద్దిగా ఉన్నా ఫర్వాలేదు, లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంచుకోవడం మంచిది. ఈ బాక్టీరియా కొత్త తొట్టిలో కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కొన్న కొత్తలోనే చేపలు చనిపోవడానికి ముఖ్య కారణం ఇదే. పాత తొట్టిలోని స్పాంజి ముక్క ఒకటి తెచ్చి కొత్త ఫిల్టరులో పెడితే, పాలకు తోడు వేసినట్టు, పని త్వరగా అవుతుంది. ఆ ముక్క మాత్రం జబ్బు లేని తొట్టిలోదై ఉండాలి.

మన ఇళ్ళలో ఆదివారం పూట జరిగే ఒక తంతు ఉంది. తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్ళూ స్పాంజీ కుళాయి కింద పెట్టి, కొందరైతే సబ్బుతో కూడా తోమి, తళతళలాడే కొత్త నీళ్ళు పోస్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ కడుగుడుతో మంచి బాక్టీరియా అంతా మురుక్కాలవలోకి పోతుంది. ప్రతి వారం తొట్టి మళ్ళీ మొదటి రోజుకు చేరుతుంది. దయచేసి ఆ పని మానండి. వారానికి నాలుగో వంతు నీళ్ళు తీసి, అదే వెచ్చదనం ఉన్న కొత్త నీళ్ళు పొయ్యండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండండి. సబ్బు అసలు దగ్గరికి రానివ్వకండి.

అమ్మోనియా, నైట్రైటు కొలిచే చుక్కల కిట్లు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. నన్నడిగితే చేపను కొన్న రోజే కొనాల్సిన వస్తువు అది, రంగురంగుల ప్లాస్టిక్ మొక్కల కంటే ఎంతో ముఖ్యం. భీమవరం, కైకలూరు, నెల్లూరు వైపు ఉన్న శ్రోతలకు ఇంకో సౌకర్యం ఉంది. చేపల, రొయ్యల చెరువుల రైతుల కోసం నడిచే ఆక్వా ల్యాబుల్లో చేసే పరీక్షలు సరిగ్గా ఇవే. శుభ్రమైన సీసాలో తొట్టి నీళ్ళు పట్టుకెళ్ళి అడగండి.

కిట్టు చేతిలో లేకపోయినా, చేప ఆయాసపడుతుంటే ఆగక్కర్లేదు. వెంటనే సగం నీళ్ళు మార్చండి. మర్నాడు మళ్ళీ మార్చండి. మునిసిపల్ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది, అది మొప్పలను కాలుస్తుంది. క్లోరిన్ తీసే చుక్కల మందు వాడితే నిమిషాల్లో పని అవుతుంది. అది లేకపోతే వెడల్పాటి బకెట్టులో ఒక రోజంతా ఉంచిన నీళ్ళు వాడండి. బోరు నీళ్ళలో సాధారణంగా క్లోరిన్ ఉండదు గానీ, చాలా ఊళ్ళలో అవి బాగా కఠినంగా ఉంటాయి. తోడిన వెంటనే పొయ్యకుండా కాసేపు గాలి తగలనివ్వండి. ఆర్వో నీళ్ళు ఒక్కటే పొయ్యడం మంచిది కాదు, చేపకు కావలసిన లవణాలు అందులో ఉండవు.

వెచ్చదనం కూడా నీళ్ళ లెక్కలోకే వస్తుంది. ఫైటర్‌కు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. కోస్తాలో ఏడాదిలో ఎక్కువ భాగం ఇది దానంతటదే ఉంటుంది. హైదరాబాదు, ఆదిలాబాదు వైపు డిసెంబరు, జనవరి రాత్రులు అలా కావు. చల్లబడిన నీళ్ళలో చేప అరుగుదల మందగిస్తుంది, రోగనిరోధక శక్తి పడిపోతుంది. చలికాలంలో తెల్లచుక్కల జబ్బు తరచుగా కనబడేది అందుకే. చిన్న హీటరూ, ఒక థర్మామీటరూ ఉంటే చాలా జబ్బులు ఇంటికి రావు. తొట్టికి మూత కూడా ఉండాలి, గాలి ఆడే సందులతో. పైకొచ్చి పీల్చే గాలి చల్లగా ఉన్నా దానికి ఇబ్బందే.

ఇక జబ్బు చేపను విడిగా ఉంచే సంగతి. 5 లీటర్లు పట్టే శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బు చాలు. తొట్టి అడుగున మట్టి, మొక్కలు ఉంటే మందులు వాటికి అంటుకుంటాయి, మోతాదు తప్పుతుంది. నీలం మందు, అంటే మెథిలీన్ బ్లూ, తొట్టిలో పోస్తే మంచి బాక్టీరియాకు కూడా ముప్పే. కాబట్టి మందు ఏదైనా టబ్బులోనే. ఫిల్టరు లేని టబ్బులో నీళ్ళు రోజూ మార్చాలి, మార్చినంత నీటికి సరిపడా మందు మాత్రమే మళ్ళీ కలపాలి.

అన్నిటికంటే మెత్తని మందు ఉప్పు. ఏమీ కలపని కల్లుప్పు తీసుకోండి. లీటరుకు ఒక గ్రాముతో మొదలుపెట్టి, అవసరమైతే రెండు గ్రాముల దాకా వెళ్ళవచ్చు. అంటే 5 లీటర్ల టబ్బుకు మొదట సుమారు ఒక చెంచా. విడిగా గ్లాసు నీళ్ళలో పూర్తిగా కరిగించి, గంట వ్యవధిలో కొద్దికొద్దిగా పొయ్యండి. 10 రోజులకు మించి ఉంచకండి. ఉప్పు ఆవిరి కాదు. నీళ్ళు ఇగిరిపోయాయని మామూలు నీళ్ళు నింపేటప్పుడు మళ్ళీ ఉప్పు వెయ్యకూడదు.

ఇంకొకటి మన వీధిలోనే ఉంది. బడి ఆవరణల్లో, కాలనీ రోడ్ల పక్కన గొడుగులా పెరిగే బాదం చెట్టు, ఎర్రబడి రాలే పెద్ద ఆకుల చెట్టు, దాని ఎండుటాకును థాయిలాండ్‌లో ఫైటర్లు పెంచేవాళ్ళు నీళ్ళలో వేస్తారు. ఆకులోని టానిన్లు నీటిని లేత టీ రంగుకు తెస్తాయి, బాక్టీరియానూ బూజునూ కొంత అదుపు చేస్తాయి. వాహనాల పొగ, పురుగుమందు తగలని చోట రాలిన గోధుమరంగు ఆకు ఏరి, కడిగి, బాగా ఎండబెట్టి, 10 లీటర్లకు ఒకటి చొప్పున వెయ్యండి. పచ్చి ఆకు వద్దు. ఇది ముదిరిన జబ్బును తగ్గించే మందు కాదు, కోలుకుంటున్న చేపకు ఊతం.

ఇప్పుడు తెలుపు గురించి చెప్పాలి. చేప మీద తెల్లగా ఏది కనబడినా మనవాళ్ళు ఒకటే పేరు పెట్టి ఒకటే మందు పోస్తారు. ప్రాణాలు పోయేది ఇక్కడే.

ఒంటి మీదా రెక్కల మీదా ఉప్పు రవ్వల్లాంటి విడివిడి చుక్కలు ఉంటే అది తెల్లచుక్కల జబ్బు. షాపుల్లో ఇక్ అంటారు. ఇక్తియోఫ్తిరియస్ అనే పరాన్నజీవి చర్మం కింద దూరి అక్కడే పెరుగుతుంది. పెరిగాక రాలి అడుగుకు చేరి, ఒక పొర కట్టుకుని, లోపల వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు బయటికొచ్చి ఈదుతూ చేపను వెతుక్కుంటాయి. చర్మం కింద ఉన్నప్పుడూ, పొరలో ఉన్నప్పుడూ మందు దాన్ని తాకలేదు. ఈదుతున్నప్పుడే చస్తుంది. కాబట్టి చుక్కలు మాయమైన రోజున మందు ఆపేస్తే వారం తిరక్కుండా జబ్బు మళ్ళీ వస్తుంది. చుక్కలు పోయాక కూడా కనీసం ఒక వారం చికిత్స సాగాలి. వెచ్చని నీళ్ళలో ఈ చక్రం త్వరగా తిరుగుతుంది, అంటే మందుకు త్వరగా దొరుకుతుంది. అందుకే నీటి వేడిని నెమ్మదిగా, రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 దాకా పెంచి, ఉప్పు కలిపి, గాలి మోటారు పెడతారు. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ కాబట్టి ఆ మోటారు తప్పనిసరి.

రెండో తెలుపు వేరు. మూతి చుట్టూనో, వీపు మీద జీను వేసినట్టో బూడిద తెలుపు మచ్చ వస్తుంది. చుక్కలు కావు, పొరలా పరుచుకుంటుంది, అంచు పసుపుగానో ఎర్రగానో ఉంటుంది. దీని పేరు కాలమ్నారిస్, కారణం బాక్టీరియా. చూడ్డానికి బూజులా ఉండటం వల్ల బూజు మందు పోసి రోజులు పోగొట్టుకుంటారు. దీనికి అన్ని రోజుల గడువు ఉండదు, ఉధృతంగా వస్తే ఒకటి రెండు రోజుల్లో చేప పోతుంది. వేడి పెరిగిన కొద్దీ ఇది రెచ్చిపోతుంది. చూడండి, మొదటి తెలుపుకు వేడి పెంచాలి, రెండో తెలుపుకు పెంచకూడదు, 24 డిగ్రీల దగ్గర ఉంచాలి. పేరు తెలియకుండా హీటరు తిప్పితే చేపను చేజేతులా పోగొట్టుకున్నట్టే. కాలమ్నారిస్‌కు యాంటీబయాటిక్ అవసరం. ఫోన్లో మచ్చను దగ్గరగా ఫోటో తీసి, ఆ రోజే పశువైద్యుణ్ణిగానీ మత్స్యశాఖ వారినిగానీ అడగండి.

మూడో తెలుపు అసలైన బూజు. దూదిపింజలా పైకి లేచి, నీటి కదలికకు ఊగుతుంది. ఇది ఎక్కువగా గాయం తగిలిన చోటే పడుతుంది. టబ్బులో మెథిలీన్ బ్లూ, శుభ్రమైన నీళ్ళు దీనికి సాధారణంగా సరిపోతాయి. గాయం ఎందుకైందో కూడా వెతకండి. గరుకు ప్లాస్టిక్ మొక్కలు తొట్టిలో ఉంటే తీసెయ్యండి.

టార్చి వెలుగులో కనబడే బంగారు పొడి సంగతి చెబుతానన్నాను. దాన్ని వెల్వెట్ అంటారు. ఇదీ పరాన్నజీవే, కానీ మొక్కల్లాగా వెలుతురు నుంచి కూడా ఆహారం చేసుకోగలదు. కాబట్టి తొట్టి దీపం ఆర్పి, చుట్టూ గుడ్డ కప్పడం చికిత్సలో భాగం. రాగి కలిసిన మందులు పనిచేస్తాయి. రాగి నత్తలనూ చిన్న రొయ్యలనూ చంపుతుంది, జాగ్రత్త.

రెక్కల కుళ్ళు గురించి కంగారు పడక్కర్లేదు. అంచులు నల్లబడి, చిరుగులు పడి, రోజురోజుకూ కురచవుతుంటే అది కుళ్ళు. ఒక్కసారిగా నిలువునా చీరుకుపోతే దేనికో తగిలి చిరిగింది, లేదా తన తోక తానే కొరుక్కుంది. తొలిదశలో కుళ్ళుకు మందు మంచి నీళ్ళే. కొత్తగా పెరిగే అంచు గాజులా పారదర్శకంగా కనబడుతుంది, అది జబ్బు కాదు, కోలుకుంటున్న గుర్తు. కుళ్ళు ఒంటిదాకా చేరితేనే యాంటీబయాటిక్ ఆలోచించాలి.

యాంటీబయాటిక్ అన్నాను కాబట్టి ఒక మాట. ఇంట్లో మిగిలిన క్యాప్సూల్ విప్పి నీళ్ళలో పొయ్యకండి. మోతాదు తెలియదు, సగంలో ఆపేస్తాం, మొండి బాక్టీరియా తయారవుతుంది. టెట్రాసైక్లిన్ అయితే కఠినమైన నీళ్ళలోని కాల్షియంతో కలిసిపోయి పనిచెయ్యకుండా పోతుంది, మన బోరు నీళ్ళు చాలావరకు అలాంటివే.

పొట్ట ఉబ్బి, ఒక పక్కకు ఒరిగి తేలుతుంటే చాలావరకు అతి తిండి. ఫైటర్ పొట్ట దాదాపు దాని కంటి అంత ఉంటుంది. పూటకు రెండు మూడు గింజలు చాలు. రెండు మూడు రోజులు పస్తు ఉంచండి, ఏమీ కాదు. ఎప్సం ఉప్పు, అంటే మెగ్నీషియం సల్ఫేట్, లీటరుకు ఒక గ్రాము కలిపిన నీళ్ళలో 15 నిమిషాలు ఉంచితే పేగు కదలడానికి సాయపడవచ్చు. బఠాణీ పెట్టమని చెప్పేవాళ్ళున్నారు. ఇది పురుగులు తినే చేప, నీటి ఈగల్లాంటి డాఫ్నియా దొరికితే అదే మేలు.

పొలుసులు ఒళ్ళంతా లేచి నిలబడితే మాత్రం పరిస్థితి వేరు. దీన్ని డ్రాప్సీ అంటారు. మూత్రపిండాలు దెబ్బతిని ఒంట్లో నీరు చేరిన లక్షణం ఇది. మామూలు ఉప్పు వెయ్యకండి, ఎప్సం ఉప్పే వాడాలి. వెచ్చగా ఉంచి, పశువైద్యుడి సలహాతో మందు ఇవ్వవచ్చు. కానీ ఈ స్థితి నుంచి తిరిగొచ్చే చేపలు తక్కువ. మీకు అబద్ధపు ఆశ పెట్టడం నాకిష్టం లేదు.

జబ్బు కానివి కూడా కొన్ని ఉన్నాయి. రాత్రిపూట అడుగున పక్కకు ఒరిగి పడుకుంటే అది నిద్ర. ఆడచేప పొట్ట కింద తెల్ల చుక్క గుడ్లు పెట్టే గొట్టం. రంగులు మారే రకం ఫైటర్లు కొన్ని నెలల్లో పూర్తిగా వేరే రంగుకు తిరుగుతాయి. నీటిపైన బుడగల గూడు కడితే మగచేప సహజ ప్రవర్తన, అంతమాత్రాన నీళ్ళు బాగున్నాయని అనుకోకండి. వీటి ఆయుష్షు సుమారు 3 ఏళ్ళు, బాగా చూస్తే ఇంకొంచెం ఎక్కువ. షాపులో కొనే నాటికే మగచేపకు చాలా నెలల వయసుంటుంది. రెండేళ్ళుగా మీ దగ్గరున్న చేప మందగించి, రంగు తగ్గితే అది ముసలితనం కావచ్చు. నీళ్ళ లోతు తగ్గించండి, పైకి రావడానికి శ్రమ పడదు. ఉపరితలానికి దగ్గరగా ఆనుకోవడానికి ఒక ఆకు అమర్చండి.

ఏం చేసినా బాధ తీరని చేప ఉంటుంది. దాన్ని టాయిలెట్‌లో వదలడం, బతికుండగా ఫ్రిజ్‌లో పెట్టడం క్రూరం. చెరువులో వదలడం ఆ చెరువుకే ప్రమాదం. లవంగ నూనెను గోరువెచ్చని నీళ్ళ సీసాలో బాగా గిలకొట్టి, చేప ఉన్న చిన్న గిన్నెలో కొద్దికొద్దిగా కలిపితే మొదట మత్తు వస్తుంది. ఆ తర్వాత లీటరుకు 0.4 మిల్లీలీటర్ల మోతాదు చేరేలా కలిపి, మొప్పల కదలిక ఆగాక కూడా కనీసం 10 నిమిషాలు ఉంచాలి. వీలైతే పశువైద్యుడి చేత చేయించండి. పిల్లలకు నిజమే చెప్పండి.

చేప పోయాక అదే తొట్టిలో ఆ వారమే ఇంకో చేపను వెయ్యకండి. తొట్టి, వల, పైపు కడిగి, పూర్తిగా ఎండలో ఆరనివ్వండి. తెల్లచుక్కలైతే చేప లేని తొట్టిలో కొన్ని రోజులకు పరాన్నజీవి చచ్చిపోతుంది. కానీ చేప నెలల తరబడి చిక్కిపోయి, వెన్ను వంగి, మానని పుళ్ళతో చనిపోయి ఉంటే చేపల క్షయను అనుమానించాలి. ఆ బాక్టీరియా పేరు మైకోబాక్టీరియం మారినం, అది మనుషుల చర్మానికీ సోకుతుంది. అలాంటి తొట్టిలోని స్పాంజి, వల పారెయ్యండి. చేతికి కోత, గీత ఉన్నప్పుడు తొడుగు లేకుండా ఏ తొట్టిలోనూ చెయ్యి పెట్టకండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి. వేలి మీదో, ముంజేతి మీదో వారాలు గడిచినా మానని గడ్డ కనబడితే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు, మా ఇంట్లో చేపల తొట్టి ఉందని మీరే ముందుగా చెప్పండి. ఆయనకు ఆ ప్రశ్న తోచకపోవచ్చు.